సిండికేటు పేరు మోసిన సంజీవరెడ్డిగారు

మనం ముప్ఫై నలభై ఏళ్లు జీతం తీసుకున్న బ్యాంకు పేరులోని మాటే మన జిల్లా పెద్దమనిషి ఒకరికి రాజకీయాల్లో ముద్రగా పడింది. ఆ ముద్ర ఎలా పడింది, అందులో న్యాయమెంత, అన్యాయమెంత అన్న సంగతి ఈ ప్రత్యేక సంచికలో రాయాలనిపించింది. నీలం సంజీవరెడ్డిగారి పేరు మన పిల్లలకు పాఠ్యపుస్తకంలో ఒక రాష్ట్రపతిగా తెలుసు. మనవళ్లకు అదీ తెలియదు. సిండికేటు అంటే బ్యాంకు కాక ఇంకొకటి ఉండేదని చెబితే మా ఇంట్లో పిల్లలు నవ్వారు.

నేను 1972లో గుమాస్తాగా చేరాను. కొత్తలో పల్లెలకు వేరుశనగ పంట రుణాల పనిమీద పోయినప్పుడు రైతులు అడిగే మొదటి ప్రశ్న, ఇది రెడ్డిగారి బ్యాంకేనా అని. కాదు నాయనా, ఇది ఉడిపిలో 1925లో పై సోదరులు, కుడ్వాగారు కలిసి పెట్టిన కెనరా ఇండస్ట్రియల్ అండ్ బ్యాంకింగ్ సిండికేట్ అని, మొదటి పెట్టుబడి 8,000 రూపాయలని, రోజూ ఇంటింటికీ తిరిగి అణా రెండణాలు పోగుచేసే పిగ్మీ డిపాజిట్ మనదేనని విడమరచి చెప్పేవాళ్లం. అంతా విని, సరే గానీ రెడ్డిగారికి ఇందులో ఎంత వాటా ఉంది అని మళ్లీ అడిగేవారు! అప్పటికి ఆ పేరు జనం నోళ్లలో అంతగా నానిపోయింది.

సంజీవరెడ్డిగారు 1913 మే 19న ఇల్లూరు గ్రామంలో పుట్టారు. ఇప్పటి గార్లదిన్నె మండలంలోది ఆ ఊరు. తండ్రి చిన్నపరెడ్డిగారు. మద్రాసులో అడయారు దివ్యజ్ఞాన సమాజం వారి పాఠశాలలో చదివి, తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరారు. 1929లో గాంధీగారు అనంతపురం వచ్చి వెళ్లారు. ఆ ప్రభావం మనసులో పనిచేసి 1931లో చదువు వదిలేసి ఉద్యమంలోకి దిగారు. 1938లో, పాతికేళ్ల వయసులో, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి కార్యదర్శి అయి పదేళ్లు ఆ పదవిలో ఉన్నారు. 1940 నుంచి 1945 వరకు ఎక్కువ కాలం జైల్లోనే గడిచింది. అమరావతి జైల్లో, అంటే మన అమరావతి కాదు, విదర్భలోది, ఆయనతోపాటు ఉన్నవారిలో టంగుటూరి ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి ఉన్నారు. ఈ చివరి రెండు పేర్లు గుర్తుంచుకోండి. ఒకరు తర్వాత ఆయనను రాష్ట్రపతి పదవికి నిలబెట్టిన వారిలో ముఖ్యులు, రెండోవారు ఆయనను ఓడించినవారు.

ఆయన రాజకీయ జీవితంలో గెలుపు ఎప్పుడూ నిలకడగా లేదు. 1951లో ఎన్.జి. రంగాగారిని ఓడించి రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడు మొదటి సాధారణ ఎన్నికల్లో అనంతపురంలో స్వంత బావమరిది చేతిలో ఓడిపోయారు. ఆ బావమరిది తరిమెల నాగిరెడ్డిగారు, కమ్యూనిస్టు, అప్పటికి జైల్లో ఉన్నారు. జైల్లో ఉన్న బావమరిది బయట ఉన్న బావను ఓడించిన ఆ ఎన్నిక గురించి మా నాయన చివరి దాకా చెప్పుకుని ఆనందించేవాడు. ఓటు ఎవరికి వేశాడో మాత్రం మా అమ్మకు కూడా చెప్పలేదు.

1953లో ప్రకాశంగారి ప్రభుత్వంలో, 1955లో బెజవాడ గోపాలరెడ్డిగారి ప్రభుత్వంలో ఉపముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి. ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడింది ఆయన హయాంలోనే. 1960లో ముఖ్యమంత్రి పదవి వదిలి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు, 1962 మార్చిలో మళ్లీ హైదరాబాదుకు ముఖ్యమంత్రిగా తిరిగి వచ్చారు. ఇక్కడినుంచే మన అసలు కథ మొదలవుతుంది.

1963 నాటికి నెహ్రూగారి ఆరోగ్యం దెబ్బతింది. ఆయన తర్వాత ఎవరు అన్న మాట ఢిల్లీలో ఎవరూ గట్టిగా అనరు గానీ అందరి మనసుల్లోనూ అదే. ఆ ఏడు ఆగస్టులో కామరాజ్ పథకం పేరుతో ఆరుగురు కేంద్రమంత్రులు, ఆరుగురు ముఖ్యమంత్రులు రాజీనామా చేశారు. అక్టోబరులో తిరుపతిలో కొందరు పెద్దలు కలుసుకున్నారు. తమిళనాడు కామరాజ్, మైసూరు ముఖ్యమంత్రి నిజలింగప్ప, బెంగాలు అతుల్య ఘోష్, ఇంటాయన హోదాలో మన సంజీవరెడ్డిగారు. వెంకన్న దర్శనం ఎలాగూ ఉంటుంది, కాబట్టి ఎవరూ అనుమానించరు. నెహ్రూ తర్వాత లాల్ బహదూర్ శాస్త్రిగారైతే బాగుంటుందని, మొరార్జీ దేశాయ్‌ని రానివ్వకూడదని అక్కడ ఒక అవగాహనకు వచ్చారు. బొంబాయి ఎస్.కె. పాటిల్ కూడా ఈ వర్గంలోని వారే. 1964 మే 27న నెహ్రూగారు పోయారు, జూన్‌లో శాస్త్రిగారు ప్రధాని అయ్యారు. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది.

ఈ గుంపునే పత్రికల వాళ్లు సిండికేట్ అన్నారు. వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. పార్టీ కాగితాల్లో ఎక్కడా లేదు, సభ్యత్వం లేదు, జెండా లేదు. ఆ మాటకు మూలం గ్రీకులో ఉంది, ఫ్రెంచివారి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట ఊరి తరఫునో సంఘం తరఫునో మాట్లాడే ప్రతినిధి అని గౌరవమైన అర్థమే. తర్వాత కొందరు వ్యాపారులు కలిసి ఒక పనికి పెట్టుబడి పెడితే దాన్నీ సిండికేట్ అన్నారు. మన ఉడిపి వారు ఆ అర్థంలోనే పెట్టుకున్నారు. విశ్వవిద్యాలయాల్లో పాలకవర్గాన్నీ అదే మాటతో పిలిచేవారు. అయితే అమెరికాలో దొంగసారా, జూదం నడిపే ముఠాలకు కూడా ఆ పేరే పడి, పత్రికలు చదివేవాళ్లకు ఆ వాసన తెలుసు. మన జిల్లాలో వాడుక చెప్పనక్కరలేదు. సారా పాటల్లో పోటీదారులంతా లోపల కూడబలుక్కుని ఒక్కడిచేత తక్కువకు పాడిస్తే, సిండికేటు అయినారు అంటాం. నలుగురు ముసలి నాయకులు తలుపులు వేసుకుని ప్రధానమంత్రి పదవిని పాట పాడుకున్నారన్న బొమ్మ ఆ ఒక్క మాటతో జనం కళ్లకు కట్టింది. పేరు పెట్టినవాడు ఎవడోగానీ గట్టివాడు.

ఇలా ఎదుటివాళ్లు తిట్టుగా పెట్టిన పేరు అతుక్కుపోవడం రాజకీయాల్లో పాత సంగతే. ఇంగ్లండులో విగ్గులు, టోరీలు రెండూ మొదట తిట్లే. ఒకటి స్కాట్లండు పశువుల తోలకందార్ల నుంచి, ఇంకొకటి ఐర్లండు దారిదోపిడీగాళ్ల నుంచి వచ్చింది. అమెరికా స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎసెక్స్ జిల్లాకు చెందిన కొందరు వర్తకులు, వకీళ్లు ఒక మాటమీద ఉంటారని వాళ్లను ఎసెక్స్ జుంటో అన్నారు. జుంటో అంటే స్పానిష్ మూలమున్న మాట, రహస్యంగా కూడిన గుంపు అని ఎత్తిపొడుపు. తమాషా ఏమిటంటే, డేవిడ్ హాకెట్ ఫిషర్ అనే చరిత్రకారుడు 1964లో ఆ గుంపు వ్యవహారమంతా పరిశీలించి, పేరు ఎంత పెద్దదో గుంపు అంత పెద్దది కాదని, పేరే గుంపును పెద్దది చేసిందని వాదించాడు. మన సిండికేటు గురించీ నాకు అలాగే అనిపిస్తుంది. కలుసుకున్నది నిజం, అనుకున్నది నిజం. కానీ ఈ ఐదుగురు ఎప్పుడూ ఒకే తాటిమీద నడిచినవారు కారు. 1966 జనవరిలో శాస్త్రిగారు తాష్కెంటులో పోయినప్పుడు మొరార్జీకి వ్యతిరేకంగా ఇందిరాగాంధీని తెచ్చి 355 - 169 ఓట్లతో గెలిపించింది కామరాజ్ తదితరులే. నాలుగేళ్లు తిరగకముందే అదే మొరార్జీతో కలిసి ఆమెను ఎదిరించిందీ వాళ్లే. వాళ్లను కలిపింది ఇంకొకటుంది. ఐదుగురూ హిందీ మాట్లాడని రాష్ట్రాలవారు. ఎవరి రాష్ట్రంలో వారికి పార్టీ యంత్రాంగం గుప్పిట్లో ఉంది, ఢిల్లీలో మాత్రం వారి మాట చెల్లాలంటే కలవాల్సిందే. దీన్ని కుట్ర అనవచ్చు, దక్షిణాది, తూర్పు రాష్ట్రాల గొంతు అనీ అనవచ్చు. నేను రెండో పక్షానికి కొంచెం మొగ్గుతాను.

మళ్లీ సంజీవరెడ్డిగారి దగ్గరకు వద్దాం. తిరుపతి కలయిక జరిగిన నాలుగు నెలలకే ఆయన ముఖ్యమంత్రి పదవి పోయింది. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు మార్గాల జాతీయీకరణ కేసు సుప్రీంకోర్టుకు పోయింది. తనను ఎన్నికల్లో వ్యతిరేకించిన బస్సు యజమానులపై కక్షతో ముఖ్యమంత్రి ఆ జిల్లాను ముందుకు తెచ్చారన్నది ఆరోపణ. దానికి ఆయన స్వయంగా అఫిడవిట్ వేసి జవాబు చెప్పలేదని కోర్టు ఎత్తిచూపి ఆ పథకాలను కొట్టివేసింది. 1964 ఫిబ్రవరి 20న ఆయన పదవి వదిలారు. తీర్పులోని ఒక వ్యాఖ్యకు ముఖ్యమంత్రి రాజీనామా చేశారంటే ఇవాళ్టి పిల్లలు నమ్మరు. కక్ష ఉందా లేదా అన్నది నాకన్నా కర్నూలు మిత్రులకే బాగా తెలుసు.

తర్వాత శాస్త్రిగారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ, ఇందిరాగాంధీ మంత్రివర్గంలో రవాణా, విమానయాన శాఖలు చూశారు. 1967 ఎన్నికలు సిండికేటును చావుదెబ్బ కొట్టాయి. కామరాజ్ విరుదునగర్‌లో ఒక విద్యార్థి నాయకుడి చేతిలో, పాటిల్ బొంబాయిలో జార్జి ఫెర్నాండెజ్ చేతిలో ఓడిపోయారు, అతుల్య ఘోష్ కూడా ఓడారు. సంజీవరెడ్డిగారు హిందూపురం నుంచి గెలిచారు. ఆయనను మంత్రివర్గంలోకి తీసుకోలేదు, లోక్‌సభ స్పీకరును చేశారు. ఆ పదవికి పోటీచేసిందీ తెలుగువారే, తెన్నేటి విశ్వనాథంగారు. ఓట్లు 278 - 207. స్పీకరు కాగానే సంజీవరెడ్డిగారు పార్టీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చేశారు. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజే అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు అనుమతించి ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టారు. షెడ్యూల్డు కులాల, తెగల సంక్షేమానికి పార్లమెంటరీ కమిటీ వేయించడంలో ఆయన పాత్ర ఉంది. నా లెక్కలో ఆయన బాగా రాణించిన ఉద్యోగం అదే.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు హఠాత్తుగా పోయారు. జూలైలో బెంగుళూరులో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్‌ను కోరారు, మెజారిటీ సంజీవరెడ్డిగారిని ఎంచుకుంది. సిండికేటు తన మనిషిని రాష్ట్రపతి భవనంలో కూర్చోబెట్టి తనను దింపే ఎత్తు వేసిందని ఆమె అనుకున్నారు. మొదట ఆయన నామినేషన్ పత్రం మీద ప్రతిపాదకురాలిగా సంతకం చేసింది ఆమే! జూలై 16న మొరార్జీ నుంచి ఆర్థిక శాఖ తీసేసుకున్నారు. జూలై 19న సంజీవరెడ్డిగారు స్పీకరు పదవికి రాజీనామా ఇచ్చారు. అదే రోజు సాయంత్రం 14 బ్యాంకులు జాతీయమయ్యాయి, అందులో మన సిండికేట్ బ్యాంకూ ఒకటి. ఒక సిండికేటును దెబ్బకొట్టడానికి ఇంకో సిండికేటును లాక్కున్నారని మా సీనియర్లు తర్వాత చాలా ఏళ్లు నవ్వుకునేవారు.

అప్పుడే ఇంకో పేరు పుట్టింది. సిండికేటుకు ప్రాసగా ఇందిర వర్గాన్ని ఇండికేటు అన్నారు. నేను ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్లో గదికి గది రెండు ముక్కలైంది. నువ్వు సిండికేటా, ఇండికేటా అని అడగకుండా పక్కవాడు సబ్బు కూడా అప్పివ్వలేదు. జిల్లా అభిమానం ఒకవైపు, బ్యాంకులు పేదవాళ్లకు వస్తున్నాయన్న ఉత్సాహం ఒకవైపు. నేను రోజుకో పక్షం.

ఎదుటి అభ్యర్థి వి.వి. గిరిగారు, స్వతంత్రంగా నిలబడ్డారు. ఒకప్పుడు ఒకే జైల్లో ఉన్న ఇద్దరు తెలుగువాళ్లు దేశపు అత్యున్నత పదవికి తలపడ్డారు. మూడో ముఖ్య అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీల రెండో ప్రాధాన్య ఓట్లు అడిగారు. అది దొరకగానే ఇందిరాగాంధీ వర్గం ఎవరి అంతరాత్మ ప్రబోధం ప్రకారం వారు ఓటేయాలన్నది. పార్లమెంటు సెంట్రల్ హాల్లో సంజీవరెడ్డిగారి మీద నీచమైన రాతలతో ఒక కరపత్రం పంచారు. అది తర్వాత సుప్రీంకోర్టు దాకా పోయింది. రాష్ట్రపతి హోదాలో ఉన్న గిరిగారే సాక్ష్యం చెప్పవలసి వచ్చింది, 1970లో కోర్టు పిటిషన్లను కొట్టేసింది.

ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు. గడియారం స్తంభం దగ్గర ఒక హోటల్లో రేడియో పెట్టారు, రోడ్డుదాకా జనం. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు. దేశ్‌ముఖ్‌కు పడిన ఓట్లలో రెండో ప్రాధాన్యం ఎక్కువ భాగం రెడ్డిగారికే పోయి ఆయన దాదాపు పక్కకు వచ్చేశారు. కానీ గిరిగారు 4,20,077 దగ్గర గీత దాటారు, రెడ్డిగారు 4,05,427 దగ్గర ఆగిపోయారు. తేడా 14,650. అవి మనుషుల ఓట్లు కావు, ఎంపీకి ఇంత, ఎమ్మెల్యేకు ఇంత అని విలువ కట్టిన ఓట్లు. విడగొట్టి చూస్తే పట్టుమని కొన్ని పదుల మంది సభ్యులు అటునుంచి ఇటు మారితే చాలు. హోటలాయన రేడియో కట్టేసి, ఆ రోజు టీకి డబ్బులు తీసుకోలేదు.

నవంబరు 12న ఇందిరాగాంధీని పార్టీనుంచి బహిష్కరించారు, కాంగ్రెసు రెండుగా చీలింది. కాగితాల మీద సంస్థాగత కాంగ్రెసు, రిక్విజిషన్ కాంగ్రెసు. పల్లెల్లో అంత పొడుగు పేర్లు ఎవరికి కావాలి, సిండికేటు, ఇండికేటు అన్నవే నిలిచాయి. సంజీవరెడ్డిగారు అనంతపురం వచ్చి వ్యవసాయం చేసుకున్నారు. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు. స్పీకరుగా ఏ పార్టీలోనూ లేని మనిషి, ఎవరో నిలబెడితే నిలబడి, ఎవరి మీదో కోపానికి ఓడిపోయాడన్నది జిల్లాలో చాలామంది బాధ. నాకు పూర్తిగా అలా అనిపించదు. తిరుపతిలో ఆయన ఊరికే కూర్చోలేదు, ఆ ఆట ఆయనకు తెలిసిన ఆటే. కానీ 1969లో ఆయన యోగ్యతను ఎవరూ తూచలేదు, పేరునే తూచారు. సిండికేటు మనిషి అన్న రెండు మాటలు ఆయన ఇరవై ఏళ్ల పనిని కప్పేశాయి. అది అన్యాయం.

1975లో జయప్రకాశ్ నారాయణ్ పిలుపుతో ఆయన మళ్లీ బయటకు వచ్చారు. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోతే ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 దానికే వచ్చాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల, జనతా అభ్యర్థిగా సంజీవరెడ్డిగారు గెలిచినది. మార్చి 26న మళ్లీ స్పీకరు. జూలైలో రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురయ్యాయి. ఆయన ఏకగ్రీవంగా ఎన్నికై జూలై 25న ప్రమాణం చేశారు. పోటీ లేకుండా రాష్ట్రపతి అయిన వారు ఇప్పటికీ ఆయన ఒక్కరే. ఎనిమిదేళ్ల కిందట ఆయనను కాదన్న ఇందిరాగాంధీ పార్టీ కూడా ఈసారి అడ్డు చెప్పలేదు. జీతంలో 70 శాతం వదులుకుంటానని ప్రకటించారు. పెన్షనర్లం గనుక ఆ లెక్క మనకు వెంటనే తగులుతుంది!

రాష్ట్రపతిగా ఆయన మీద ఉన్న పెద్ద విమర్శ 1979 నాటిది. మొరార్జీ రాజీనామా తర్వాత చరణ్‌సింగ్‌ను ప్రధానిగా పిలిచారు. ఆయన పార్లమెంటు ముఖం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా ఇచ్చారు. జగ్జీవన్ రామ్ బలం నిరూపించుకుంటానన్నా అవకాశం ఇవ్వకుండా ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు. పదేళ్ల కిందట బెంగుళూరు బోర్డులో ఎవరి పేరును తోసి తన పేరు వచ్చిందో, ఆ జగ్జీవన్ రామ్‌కే ఇప్పుడు తన చేతుల్లో తలుపు మూసుకుంది. ఇది పాత లెక్క తీర్చుకోవడమని జనతావారు అన్నారు. అంత దూరం నేను పోను గానీ, ఒక్క అవకాశం ఇచ్చి ఉంటే ఆయన పేరుకు మేలయ్యేది. 1980 జనవరి 14న ఇందిరాగాంధీ చేత ప్రధానిగా ప్రమాణం చేయించిందీ ఆయనే.

1982 జూలైలో పదవీకాలం ముగిశాక అనంతపురంలోనే స్థిరపడ్డారు. మాజీ రాష్ట్రపతి ఢిల్లీలో బంగళా వద్దని ఈ ఎండల ఊరికి తిరిగి రావడం మాకు గర్వంగా ఉండేది. 1989లో ఇంగ్లీషులో జ్ఞాపకాలు ప్రచురించారు. కామరాజ్ 1975లో, పాటిల్ 1981లో, అతుల్య ఘోష్ 1986లో పోయారు. సంజీవరెడ్డిగారు 1996 జూన్ 1న బెంగుళూరులో న్యుమోనియాతో కన్నుమూశారు, సమాధి అక్కడే కల్పళ్లి శ్మశానవాటికలో ఉంది. చివరికి మిగిలిన నిజలింగప్ప 2000లో పోయారు. మన బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకులో కలిసిపోయింది.

శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూగారు శంకుస్థాపన చేసింది 1963లో, సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా. ఆ జలాశయానికి తర్వాత నీలం సంజీవరెడ్డి సాగర్ అని పేరు పెట్టారు. పల్లెల్లో అంతా శ్రీశైలం డ్యామనే అంటారు. హంద్రీ-నీవా పథకం కింద అక్కడి వెనుకజలాలను ఎత్తిపోసి 2012లో మన జిల్లా జీడిపల్లి దాకా తెచ్చారు. మొదటిసారి నీళ్లు వచ్చినప్పుడు చూడ్డానికి మా వీధి పెన్షనర్లం ఒక జీపు మాట్లాడుకుని పోయాం. కాలువ గట్టున ఉన్న కుర్రవాళ్లలో ఎవరికీ ఆ సాగర్ పేరు తెలియదు. నీళ్లు మాత్రం చూశారు.